నాలుక ఎరిగిన పులుపు

(సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను భోజనానికి ముందు కాసేపు మాట్లాడమన్నారు. అటువంటి సమయంలో భోజనం గురించే మాట్లాడటం క్షేమం. ఆవకాయ గురించి, గోంగూర గురించి చెప్పగల అమ్మలు ఈ హాలులో చాలామంది ఉన్నారు. వారి ముందు ఆ విషయాలలో నేను నోరు తెరవను. మన ఇళ్లలో చాలావాటిలో ఇప్పుడు కనిపించే ఒక నల్లని సీసాను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. దాని పేరు బాల్సమిక్ వెనిగర్. ఎవరో కానుకగా ఇస్తారు, లేదా సూపర్‌మార్కెట్టులో ధర తగ్గించారని మనమే కొంటాం. ఒకసారి కీరాదోసకాయ ముక్కల మీద పోస్తాం. తరువాత అది నూనె సీసా వెనక్కి జరిగి అక్కడే ఉండిపోతుంది.

ఇటలీవాళ్ల వస్తువు మన తెలుగు పండుగలో ఎందుకని అడగవచ్చు. నా సమాధానం ఒక్కటే. ఆ సీసాలో ఉన్న రుచి మనకు కొత్తది కాదు. దాని పేరు కొత్తది, ధర కొత్తది, మోసం కూడా కొంచెం కొత్తది. రుచి మాత్రం మన నాలుక ఎరిగినదే. ఎరిగిన నాలుకను నమ్ముకుంటే మంచి సీసా ఏదో, వట్టి సీసా ఏదో మనమే తేల్చుకోగలం.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మారిషస్‌లో ఒకప్పుడు తెలుగువారిని కొరింగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వచ్చిన పిలుపు అది. మా తాతగారు అలాంటి కొరింగీ, చెరుకుతోట కూలి. నేను మూడో తరం. పగలు బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి, వీధిలో క్రియోల్, సాయంత్రం బడిలో తెలుగు. అందుచేత నా తెలుగులో పుస్తకం వాసన ఎక్కువ, పొలం వాసన తక్కువ. పండితులు ఓర్చుకోవాలి. ఇక్కడ షార్జాలో మూడు దశాబ్దాలుగా పిల్లలకు సైన్సు పాఠాలు చెబుతున్నాను. ఈ సభలో మలేషియా నుంచి, దక్షిణాఫ్రికా నుంచి, ఫిజీ నుంచి వచ్చినవారూ ఉన్నారు. మన తాతలు దిగిన రేవులు వేరైనా అందరి ఇళ్లలోనూ చింతపండు డబ్బా ఒకటి మిగిలింది. భాష మరచిన ఇంట్లో కూడా అది ఉన్నది. ఈ మాట తరువాత మనకు పనికి వస్తుంది.

ఇక అసలు విషయం. ఉత్తర ఇటలీలో మొదెనా, రెజ్జో ఎమిలియా అని ఇరుగుపొరుగు ఊళ్లు ఉన్నాయి. అక్కడ ట్రెబియానో, లంబ్రుస్కో అనే జాతుల ద్రాక్ష పండుతుంది. ఆ పండ్లను పిండి, రసాన్ని మూతలేని పెద్ద బానలలో నెమ్మదిగా కాస్తారు. సగానికి, కొన్నిసార్లు మూడో వంతుకు ఇగిరేదాకా కాస్తారు. రంగు ముదురుతుంది, తీపి చిక్కబడుతుంది. అనకాపల్లి వైపు చెరుకు రసాన్ని పెనంలో పోసి బెల్లం వండటం చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. వాళ్లు గడ్డ కట్టేదాకా కాయరు, మనం కాస్తాం. అంతవరకే తేడా. పాకం అనే మాట మనకు ఉన్నది కనుక ఇక్కడ ఇటాలియన్ పేరుతో పని లేదు. అది ద్రాక్షపాకం.

ఈ పాకాన్ని కొయ్య పీపాలలో పోసి ఇంటి అటకమీద పెడతారు. అటకమీద ఎందుకంటే అక్కడ ఎండాకాలం వేడి, చలికాలం చలి రెండూ బాగా తగులుతాయి. మొదట పాకం పులిసి కొంత మద్యం అవుతుంది. తరువాత మరో రకం సూక్ష్మజీవులు ఆ మద్యాన్ని పులుపుగా మారుస్తాయి. వేసవిలో నీరు ఆవిరై పోతుంది, చలికాలంలో మడ్డి అడుగున పేరుకుంటుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి.

పీపాలు ఒకటి కాదు, మామూలుగా అయిదు, అంతకు మించి కూడా ఉంటాయి. పెద్దదాని పక్కన కొంచెం చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది. ఒక్కొక్కటి ఒక్కొక్క కొయ్యతో చేస్తారు: ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, జూనిపర్. ఏటా ఒకసారి అతి చిన్న పీపాలోంచి కొద్దిగా తీస్తారు. ఆ లోటును దాని పక్క పీపాతో పూరిస్తారు, దాని లోటును ఆ పై పీపాతో. చివరికి అన్నిటికంటే పెద్ద పీపాలో ఆ ఏటి కొత్త పాకం పోస్తారు. ఏ పీపా ఎన్నడూ ఖాళీ కాదు. కొత్తది ఎప్పుడూ పాతదానిలోనే కలుస్తుంది.

ఇది వినగానే నాకు తరవాణి కుండ గుర్తుకు వచ్చింది. విశాఖ, గోదావరి జిల్లాలవారికి తెలుసు. కుండలో పులిసిన గంజి ఉంటుంది. వాడుకున్నంత వాడుకొని పైన కొత్త గంజి పోస్తారు. పాత పులుపు కొత్తదాన్ని పులియబెడుతుంది. సైన్సు మాస్టరుగా చెప్పాలంటే తరవాణి పులుపు పెరుగు పులుపు జాతిది, ఇటలీ పులుపు వెనిగర్ జాతిది. సూక్ష్మజీవులు వేరు. కాని కుండను ఖాళీ చేయకుండా నడిపే తెలివి ఒకటే. తరవాణి అనే మాట నాకు మా నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది, ఆమ్లం అనే మాట సాయంత్రం బడిలోంచి వచ్చింది. రెండూ ఒకటేనని తెలియటానికి నాకు చాలాకాలం పట్టింది.

ఆ ప్రాంతంలో ఆడపిల్ల పుట్టినప్పుడు ఒక వరుస పీపాలు మొదలుపెట్టి, ఆమె పెళ్లినాడు వాటిని వెంట పంపే ఆచారం ఉండేది. కట్నం మాట నాకు నచ్చదు. అయినా పీపాలను తీసుకుని వెళ్లే పెళ్లికూతురును తలచుకుంటే ముచ్చటగానే ఉంటుంది. ఆవకాయ జాడీ వెంట పెట్టుకుని విమానం ఎక్కిన కోడళ్లు ఈ హాలులో లేరంటారా?

దీని చరిత్ర పాతది. జర్మన్ చక్రవర్తి మూడో హెన్రీ 1046లో ఇటలీ వచ్చినప్పుడు కనోసా కోటలో చేసే వెనిగర్‌ను గురించి విని అడిగాడని, కోట ప్రభువు బోనిఫాచో దానిని వెండి పాత్రలో పంపాడని డోనిజోనే అనే సన్యాసి రాశాడు. బాల్సమిక్ అనే పేరు అప్పటికి లేదు. ఆ పేరు మొదెనా ప్రభువుల ఇంటి లెక్కల్లో 1747లో కనిపిస్తుంది. బాల్సమ్ అంటే ఔషధ గుణం ఉన్న జిగురు, లేపనం. వంటకంటే ముందు మందుగా దీనికి గౌరవం. మన ఇళ్లలో పాత చింతపండుకు ఉన్న గౌరవం అటువంటిదే కదా.

చింతపండు మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. పిల్లలు దీనిని జాగ్రత్తగా వినాలి, పరీక్షలో అడగరు గాని పనికి వస్తుంది. పులుపులన్నీ ఒకటి కావు. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం. చింతపండులో ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం. అదే టార్టారిక్ ఆమ్లం మరి ఏ పండుకు ముఖ్యమైన పులుపో తెలుసునా? ద్రాక్షకు. కాచి, ఇగిరించి, ఏళ్ల తరబడి ఊరిన ద్రాక్షపాకంలో వెనిగర్ పులుపుతోపాటు ఈ పులుపూ ఉంటుంది. దాని తోడు తీపి ఉంటుంది. బెల్లం వేసిన చింతపండు పులుసు తాగి పెరిగిన నాలుక మంచి బాల్సమిక్ చుక్క తగలగానే ఇదెక్కడో చూశానే అనుకుంటుంది. మా తరగతిలో పిల్లల చేత ఇది చేయించి చూశాను. చింతపండు పాకం చెంచాతో ఒకరికి, బాల్సమిక్ ఒకరికి ఇస్తే, కళ్లు మూసుకున్న తెలుగు పిల్లలు రెండింటినీ చుట్టాలనే అన్నారు. ఇంగ్లండు నుంచి వచ్చిన పిల్లవాడు మాత్రం రెండూ సాసులే అన్నాడు.

ఇప్పుడు కొనే సంగతి. అంగడిలో బాల్సమిక్ పేరుతో అమ్మేవి నిజానికి మూడు నాలుగు వేరు వేరు వస్తువులు. తేడా తెలియకపోతే డబ్బు పోతుంది, అంతకంటే ఎక్కువగా నమ్మకం పోతుంది.

మొదటిది అసలైన సంప్రదాయ వస్తువు. సీసా మీద అచేతో బాల్సమికో ట్రడిజ్యొనాలే అని, ఆ తరువాత మొదెనా అని గాని, రెజ్జో ఎమిలియా అని గాని ఉంటుంది. పక్కన డి.ఓ.పి. ముద్ర ఉంటుంది. ఐరోపా వారు ఈ పేర్లకు 2000లో రక్షణ ఇచ్చారు. ఇందులో ద్రాక్షపాకం తప్ప మరేదీ ఉండదు. విడిగా వెనిగర్ కలపరు, రంగు కలపరు, చక్కెర కలపరు. కనీసం పన్నెండు ఏళ్లు పీపాలలో ఉండాలి. ఎక్స్‌ట్రావెక్కియో అని ఉంటే పాతిక ఏళ్లు. అప్పుడు కూడా రుచి చూసే పెద్దలు కూర్చుని ఒప్పుకుంటేనే సీసాలో పోస్తారు. మొదెనా సీసా వంద మిల్లీలీటర్లే, ఒకే ఆకారం, గుండ్రని బుడ్డికి నలుపలకల అడుగు. దానిని గీసినవాడు జొర్జెత్తో జుజారో, కార్ల ఆకారాలు గీయటంలో ప్రపంచప్రసిద్ధుడు. రెజ్జో సీసా తలకిందులు చేసిన తులిప్ పువ్వులా ఉంటుంది. ధర ఇటలీలోనే యాభై యూరోల చుట్టుపక్కల మొదలవుతుంది, పాతికేళ్లది వంద దాకా, ఆపైన కూడా పోతుంది. ఇది అత్తరు లాంటిది. రోజూ వాడేది కాదు.

రెండోది మనం ఎక్కువగా కొనేది. అచేతో బాల్సమికో ది మొదెనా అని, ఐ.జి.పి. ముద్రతో ఉంటుంది. ట్రడిజ్యొనాలే అనే మాట ఉండదు. ఈ పేరుకు రక్షణ 2009లో వచ్చింది. ఇందులో ద్రాక్షపాకం, ద్రాక్షసారా వెనిగర్ కలుస్తాయి. రంగు నిలకడగా ఉండటానికి నూటికి రెండు పాళ్లవరకు కారమెల్ వేయవచ్చు. కారమెల్ అంటే మాడ్చిన చక్కెర రంగు. కొయ్య పాత్రలో అరవై రోజులు ఉంటే చాలు. మూడేళ్లు ఉంటే ఇన్వెక్కియాతో అని రాసుకోవచ్చు. ఇది చెడ్డ వస్తువు కాదు. మంచివి ఉన్నాయి, నాసివి ఉన్నాయి. అన్నీ ఒకే పేరుతో ఒకే అరలో ఉండటమే చిక్కు.

మరి ఎలా ఎంచుకోవాలి? సీసాను తిప్పి వెనక చీటీ చదవాలి. అందులో పదార్థాలను ఎక్కువ పాలు ఉన్నదానిని ముందు పెట్టి వరుసగా రాస్తారు. మొదట ద్రాక్ష మస్ట్, తరువాత వెనిగర్ ఉంటే ఆ సీసా తీపి వైపు, చిక్కదనం వైపు మొగ్గుతుంది. మొదట వెనిగర్ ఉంటే అది పలుచగా, ఘాటుగా ఉంటుంది, సలాడ్‌కు చాలు. కారమెల్ లేనిది దొరికితే నేను దానినే కొంటాను. నలుపును నమ్మవద్దు. చిక్కదనాన్ని కూడా నమ్మవద్దు. రెండూ ఏళ్ల వల్ల రావచ్చు, ఫ్యాక్టరీలో ఒక పూటలోనూ రావచ్చు. సీసాను కొంచెం వంచి, లోపలి గాజు మీద జారే తీరు చూస్తారు కొందరు. అది బాగానే ఉంటుంది గాని చీటీ చదివిన తరువాతే ఆ పని చేయండి.

బాల్సమిక్ గ్లేజ్ అని మెత్తని ప్లాస్టిక్ సీసాలో నొక్కితే వచ్చేది మూడో రకం. చిక్కదనం కోసం దానిలో పిండి పదార్థాలు, జిగుర్లు, తీపికి గ్లూకోజ్ పాకం కలపటం మామూలు. ప్లేటు మీద ముగ్గులు వేయటానికి చక్కగా పనికి వస్తుంది. ముగ్గు తినే వస్తువు కాదు కదా అని మా ఇంట్లో అంటారు, అది కొంచెం కఠినమైన తీర్పే. తెల్ల బాల్సమిక్ అని మరొకటి ఉంది. అది తేలికగా, రంగు మారకుండా ఉండటానికి వేరుగా చేసినది. మొదెనా ఐ.జి.పి. పేరు దానికి వర్తించదు. చేపకూ కోసిన పండ్లకూ బాగుంటుంది. అంతకు మించి చెప్పటానికి ఏమీ లేదు.

ఇంకొక సంగతి జాగ్రత్తగా గమనించాలి. బాల్సమికో అనే ఒంటి మాటకు ఏ రక్షణా లేదు. ఒక జర్మన్ కంపెనీకీ మొదెనా వారికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం 2019 డిసెంబరులో ఈ మాటే తేల్చింది. పూర్తి పేరుకు రక్షణ ఉంది, అందులోని అచేతో, బాల్సమికో అనే మామూలు మాటలకు విడిగా లేదు అన్నది. కనుక మొదెనా పేరూ ముద్రా లేకుండా ఉత్త బాల్సమిక్ అని రాసిన సీసా దాదాపు ఏదైనా కావచ్చు.

అంకెల సంగతి వేరే చెప్పాలి. మా బంధువులలో ఒకాయన స్నేహితుడి కూతురి పెళ్లికి కానుకగా ఒక పెద్ద సీసా కొన్నారు. నగల పెట్టెలాంటి పెట్టె, లోపల పట్టుగుడ్డ, సీసా మీద బంగారు రంగులో 25 అని పెద్ద అంకె. నాలుగు వందల దిర్హాములు. అంగడివారు పాతికేళ్ల సరుకు అనే చెప్పారట. వెనక చీటీలో సాంద్రీకరించిన ద్రాక్ష మస్ట్, వెనిగర్, కారమెల్ అని ఉంది. డి.ఓ.పి. లేదు, ఐ.జి.పి. లేదు. ఆ అంకె వయసు కాదు, ఆ కంపెనీ పెట్టుకున్న గుర్తు. చట్టప్రకారం ఇరవై అయిదు ఏళ్లు అనిపించుకునేది ట్రడిజ్యొనాలే ఎక్స్‌ట్రావెక్కియో ఒక్కటే, అది చిన్న బుడ్డిలోనే వస్తుంది. ఆ ఆడపిల్లకు కానుక అందింది, సంతోషమే. ఆ నాలుగు వందలకు ఒక చిన్న నిజమైన బుడ్డి వచ్చి ఉండేది, లేదా రోజువారీ మంచి సీసాలు అయిదారు వచ్చి ఉండేవి.

ఇక మనం ఉన్న ఈ గడ్డకు సంబంధించిన మాట. మా బడిలో పనిచేసే ఒక ఎమిరాతీ ఉపాధ్యాయురాలు ఉగాదికి మా ఇంటికి భోజనానికి వచ్చారు. బల్లమీద ఉన్న సీసాను చేతిలోకి తీసుకుని వెనక చీటీ చదివి, ఇందులో వైన్ వెనిగర్ ఉన్నది, నేను తినవచ్చునా కాదా అని మెల్లగా అడిగారు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మర్యాదగా, తెలిసి జవాబు చెప్పాలి. వెనిగర్‌ను మంచి వ్యంజనంగా ప్రవక్త మెచ్చుకున్నారని హదీసులలో ఉన్నది. దానంతట అది వెనిగర్‌గా మారిన సారా విషయంలో అభ్యంతరం లేదంటారు. మనిషి పూనుకుని సారాను వెనిగర్‌గా మార్చితే తినవచ్చునా అన్న దానిపై వారి ధర్మపండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మనం తీర్పరులం కాము. అతిథికి ఉన్నది ఉన్నట్లు చెప్పటం మన పని, తినటం మానటం వారి ఇష్టం. ఆమె ఆనాడు ఆ సీసాను పక్కన పెట్టారు. ఉగాది పచ్చడిని మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. పులుపు, తీపి, చేదు ఒకే చెంచాలో ఎందుకు పెట్టారని అడిగి, కారణం విని చాలాసేపు ఆలోచించారు.

మరుసటి వారం ఆమె మాకు ఒక సీసా పంపారు. దిబ్స్. ఖర్జూరపు పాకం. ఈ దేశపు బాల్సమిక్ అదేనని నా అభిప్రాయం. ఇక్కడ నివసిస్తూ దానిని ఎరగకపోవటం మనకు తగదు. ఇటలీవారు పాకాన్ని నిప్పు మీద కాస్తే, ఇక్కడి పూర్వులు నిప్పు లేకుండా తీసేవారు. మద్‌బస అని ఒక గది ఉండేది. నేలమీద వరుసగా గట్లు, వాటి మధ్య కాలువలు. ఈతాకు బస్తాలలో ఖర్జూరాలు నింపి, ఆ గట్లమీద ఒకదానిమీద ఒకటి పేర్చేవారు. పై బరువుకు, గది వేడికి, పాకం దానంతట అది కారి, కాలువల వెంట నడిచి, నేలలో పాతిన జాడీలోకి చేరేది. బహ్రెయిన్ కోట తవ్వకాలలో బయటపడిన అలాంటి గదులను ఇప్పటికీ చూడవచ్చు. ఇక్కడికి దగ్గరలో అల్ ఐన్ తోటలు ఉన్నాయి. ఫలజ్ కాలువల నీటితో పెరిగే ఆ ఖర్జూర వనాలను, చుట్టుపక్కల పురాతన స్థలాలతో కలిపి యునెస్కో వారు 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. సెలవురోజున పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి. బజారులో కంటే అక్కడ పాఠం సులభంగా ఎక్కుతుంది.

దిబ్స్ కొనేటప్పుడు కూడా చీటీ చదవటమే మంత్రం. ఖర్జూరం ఒక్కటే ఉండాలి, చక్కెర గాని గ్లూకోజ్ గాని ఉండకూడదు. లుకైమాత్ అని రంజాన్ రోజులలో అమ్మే చిన్న వేపుడు ఉండల మీద దీనిని పోస్తారు. మన పిండివంటలు ఎరిగినవారు వాటిని పరాయివి అనుకోరు. దిబ్స్‌లో తీపి ఉన్నది, పులుపు లేదు. అందుచేత నేను ఒక పని చేస్తాను. రెండు చెంచాల దిబ్స్‌కు ఒక చెంచా ఖర్జూరపు వెనిగర్ కలిపి, చిటికెడు ఉప్పు వేసి, చిన్న మంటమీద ఒక్క పొంగు రానిచ్చి దింపుతాను. అది మొదెనా వస్తువు కాదు, దాని పేరు పెట్టుకోదు. కాని సారా వెనిగర్ వద్దనుకునే ఇళ్లలో, అటువంటి అతిథులు వచ్చినప్పుడు, సలాడ్ మీద చాలా బాగుంటుంది. ఖర్జూరపు వెనిగర్ దొరకకపోతే కొంచెం చింతపండు రసం పోయండి. అది ఇంకా మనకు దగ్గర.

కొన్న తరువాత ఎలా అనుభవించాలో చెప్పి ముగిస్తాను. మంచిదానిని పొయ్యిమీద పెట్టకండి. వేడికి వెనిగర్ వాసన ఎగిరిపోతుంది, మిగిలేది తీపి మాత్రమే. దింపిన తరువాత, వడ్డించే ముందు వేయాలి. వండటానికి చవకది చాలు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి చివర ఒక చెంచా పోస్తే ఇగురుకు మంచి రంగు, రుచి వస్తాయి. పులిహోరలో వేయవద్దు, పప్పుచారులో వేయవద్దు. కొందరు కొత్తదనం కోసం వేస్తున్నారు. చింతపండు, నిమ్మకాయ చేసే పని అక్కడ ఇది చేయలేదు, పోపు వాసనతో దీనికి పొత్తు కుదరదు. ఈ విషయంలో నేను పట్టుదల మనిషిని.

దేనితో బాగుంటుంది? ఇటలీవారు పార్మజాన్ జున్ను ముక్కమీద, స్ట్రాబెర్రీలమీద, వెనిల్లా ఐస్‌క్రీము మీద చుక్కలు వేసుకుంటారు. మూడూ నిజంగా బాగుంటాయి. మన వైపు నుంచి నేను చేర్చేవి ఇవి. బాగా పండిన బంగినపల్లి ముక్కమీద రెండు చుక్కలు, పండు తీపి మొగం మొత్తకుండా ఆగుతుంది. నిప్పుల మీద కాల్చి తొక్క తీసిన వంకాయకు ఉప్పు, పచ్చిమిర్చి, నూనె కలిపి చివర అర చెంచా. బొప్పాయి, పుచ్చకాయ. పెనంమీద కాల్చిన పనీర్. ఉడికించిన చిలకడదుంప, దీనికి మాత్రం మా ఇంట్లో పోటీ పడతారు. మారిషస్‌లో మేము చేసే అచ్చారులో క్యాబేజీ, క్యారెట్, చిక్కుడు ముక్కలు, ఆవపిండి, పసుపు, నూనె, వెనిగర్ పడతాయి. అందులో మాత్రం మామూలు తెల్ల వెనిగరే పోయాలి. ఖరీదైనది అక్కడ ఆవఘాటుకు బలి అవుతుంది.

ఎంత వేయాలన్నది చాలామంది అడుగుతారు. ట్రడిజ్యొనాలే అయితే చుక్కలలో లెక్క, ఐ.జి.పి. అయితే చెంచాలలో. పిల్లలకు మొదటిసారి ఇచ్చేటప్పుడు చెంచాతో ఉత్తదే ఇవ్వండి. పింగాణీ చెంచా గాని, ప్లాస్టిక్ చెంచా గాని మంచిది, లోహపు రుచి కలవదు. మింగకుండా నాలుక మీద కాసేపు ఉంచి, ముందు ఏది తగిలింది, తరువాత ఏది, చివర ఏది మిగిలింది అని అడగండి. జవాబు తెలుగులో చెప్పమనండి. పులుపు, తీపి, వగరు, ఘాటు, చేదు. వాళ్లకు ఈ మాటలు పుస్తకంలో నేర్పితే మరుసటి వారానికి మరచిపోతారు. నా సాయంత్రం తరగతిలో వగరు అనే మాటకు అర్థం చెప్పటానికి ఇంగ్లీషులో ఏ మాటా సరిపోక, పచ్చి అరటికాయ ముక్క ఇచ్చాను. ఆ మాటను ఇంతవరకు ఎవరూ మరచిపోలేదు. మంచి బాల్సమిక్‌లో కొయ్య పీపా తెచ్చే సన్నని వగరు చివర తగులుతుంది. నాసిరకంలో చివర మిగిలేది మాడు తీపి, గొంతులో గీరుడు. ఈ తేడాను పదేళ్ల పిల్ల చెప్పగలిగింది. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడరు.

దాచటం సులభం. చెడిపోయే వస్తువు కాదు. మూత బిగించి, పొయ్యికి ఎండకు దూరంగా అలమరలో పెట్టండి. ఫ్రిజ్ అక్కరలేదు, చలికి చిక్కబడి వాసన మందగిస్తుంది. అడుగున కొంచెం మడ్డి చేరితే భయపడవద్దు. ఆగస్టులో మాత్రం కొన్న సీసాను కారులో వదలి మరో అంగడికి వెళ్లవద్దు. మొదెనా అటకలకు వేడి కావాలి నిజమే, కాని అక్కడి వేడి మన కారు వేడి కాదు.

హాలు బయట కుడివైపు బల్లమీద నాలుగు గిన్నెలు పెట్టించాను. మొదటిది పన్నెండేళ్ల ట్రడిజ్యొనాలే, మనిషికి రెండు చుక్కలే వస్తాయి, వరుస తప్పవద్దు. రెండోది ఐ.జి.పి. మూడోది దిబ్స్, ఖర్జూరపు వెనిగర్ కలిపినది, అందరూ తినవచ్చు. నాలుగో గిన్నెలో ఏమున్నదో రాయలేదు. అది మన సంఘంలోని ఒక పెద్దావిడ నిన్న రాత్రి బెల్లం వేసి కాచిన చింతపండు పాకం. ఏది ఏదో పిల్లలు కళ్లు మూసుకుని చెప్పాలి, తెలుగులో చెప్పాలి. చెప్పినవారికి మామిడిపండు ముక్క ఉన్నది. పెద్దలు ముందు పిల్లలకు దారి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.